పది రోజుల పొరుగు

ఒంటరిగా వెళ్లాలనుకునే భారతీయుడికి పాకిస్థాన్ మూసిన తలుపే. గుంపులో వెళ్తే మాత్రం పూలదండలు, లంగరు భోజనం, వెన్నంటే పోలీసులు. 2025 ఏప్రిల్‌లో అలా వెళ్లొచ్చిన ఒక బృందం చూసిందేమిటి, చూడలేకపోయిందేమిటి?

అట్టారీలో గడియారం పదిన్నర చూపిస్తోంది. నాలుగడుగులు వేసి తెల్లగీత దాటితే అటువైపు పది గంటలే. చేతి గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పుకుంటూ హైదరాబాద్ నుంచి వచ్చిన అరవై ఆరేళ్ల సర్దార్జీ భార్యతో అచ్చ తెలుగులో అన్నారు: "ఇంత దూరం వచ్చినందుకు అరగంట లాభమేనే." వెనక వరుసలో ఉన్న లూధియానా మహిళ ఉలిక్కిపడి చూశారు. తలపాగా, గడ్డం, కృపాణం అన్నీ సరిగానే ఉన్నాయి. భాషే అంతుపట్టలేదు.

ఎదురుగా గులాబీ దండలతో పాకిస్థాన్ అధికారులు. వాళ్ల వెనక టీవీ కెమెరాలు. దండ వేశారు, కౌగిలించుకున్నారు, చల్లని షర్బత్ ఇచ్చారు. ఆ తర్వాత సంచులు విప్పించి, పాస్‌పోర్టులోని ఫొటోనూ ముఖాన్నీ రెండు మూడు సార్లు పోల్చి చూశారు. "ముందు కొత్తల్లుణ్ని చూసినట్టు చూశారు, తర్వాత దొంగను చూసినట్టు చూశారు" అని నవ్వుతారు సర్దార్జీ. "రెండింటిలోనూ ఏ లోటూ చేయలేదు."

బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసిన ఆయనగానీ ఆయన భార్యగానీ తమ పేర్లు రాయడానికి ఒప్పుకోలేదు. మళ్లీ ఒకసారి వెళ్లాలని ఉంది. పేరు అచ్చులో కనిపిస్తే ఏ దేశంలో ఏ గుమస్తా జాబితాలోంచి కొట్టేస్తాడోనన్న బెంగ. బృందంలోని మిగతా వారిదీ అదే మాట.

ఆ బెంగ అకారణం కాదు. 2025 ఏప్రిల్ 10 నుంచి 19 వరకు సాగిన ఆ బైశాఖీ యాత్రకు పాకిస్థాన్ 6,500కు పైగా వీసాలు ఇచ్చింది. మామూలుగా ఆ సందర్భానికి 3,000 మందే హద్దు. ఈసారి దాన్ని సడలించారు. ఇంతమంది వెళ్లడం ఇటీవలి కాలంలో ఎవరూ ఎరగరు. యాత్రికులు తిరిగి వచ్చిన మూడో రోజున పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మర్నాడే అట్టారీ గేటు మూతపడింది.

నిజానికి పొరుగునే ఉన్నా, భారతీయులు అతి తక్కువగా చూసిన దేశాల్లో పాకిస్థాన్ ఒకటి. తెలుగువాళ్లు బ్యాంకాక్ వెళ్తారు, బాకూ వెళ్తారు, బాలి వెళ్తారు. లాహోర్ చూసొచ్చినవారు కాలనీకొకరు కాదు, జిల్లాకొకరు దొరికినా గొప్పే. మార్గం వేయాలని చూడలేదని కాదు. 2012 సెప్టెంబర్‌లో రెండు ప్రభుత్వాలు కుదుర్చుకున్న వీసా ఒప్పందంలో పది నుంచి యాభై మంది వరకు ఉండే పర్యాటక బృందాలకు వీసా ఇద్దామని రాసుకున్నారు. అటు నుంచి వచ్చే 65 ఏళ్లు దాటిన వృద్ధులకు అట్టారీలోనే వీసా ముద్ర వేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. అది 2013 జనవరి 15న మొదలుకావలసింది. నియంత్రణ రేఖ దగ్గర భారత సైనికుల హత్యతో రగిలిన వాతావరణంలో, మొదలుకావలసిన రోజే ఆగిపోయింది.

ఇక మిగిలింది 1974 సెప్టెంబర్‌లో సంతకాలైన ఒక పాత ప్రోటోకాల్. దాని ప్రకారం ఇక్కడి నుంచి వెళ్లేవారు దర్శించుకోవడానికి పాకిస్థాన్‌లో 15 క్షేత్రాలు, అక్కడి నుంచి వచ్చేవారికి అజ్మీర్, నిజాముద్దీన్ సహా భారత్‌లో ఐదు. సిక్కులకు ఏటా నాలుగు సందర్భాలు: బైశాఖీ, గురు అర్జన్ దేవ్ బలిదానం రోజు, మహారాజా రంజిత్ సింగ్ వర్ధంతి, గురునానక్ జయంతి. వెళ్లాలంటే జత్థాలో, అంటే యాత్రికుల బృందంలో పేరుండాలి. నెలల ముందే గురుద్వారా కమిటీకి పాస్‌పోర్టు అప్పజెప్పాలి. పోలీసు విచారణ, కేంద్ర హోం శాఖ పరిశీలన, చివరికి ఢిల్లీలోని పాక్ హైకమిషన్ ముద్ర. ముద్ర మీద దేశం పేరుతోపాటు ఊళ్ల పేర్లు కూడా ఉంటాయి. ఆ ఊళ్లు తప్ప మరోచోట అడుగు పెట్టరాదు.

కార్గిల్, ముంబై దాడులు, పుల్వామా దాటుకుని కూడా ఈ కాగితం నిలబడిందంటే చిన్న విషయం కాదు. కానీ అది భారతీయుణ్ని ఒక్క రూపంలోనే గుర్తిస్తుంది - భక్తుడిగా. విద్యార్థి, పాత స్నేహితుడు, చరిత్ర పిచ్చివాడు, తాత పుట్టిన ఇల్లు చూడాలనుకునే మనవడు, ఊరికే ఊరు చూసి రావాలనుకునేవాడు... వీళ్లెవరికీ ఆ కాగితంలో చోటు లేదు. అందుకే జత్థాలో దైవదర్శనం కోసం వచ్చినవారితోపాటు దైవం పేరు చెప్పుకుని మరేదో వెతుక్కుంటూ వచ్చినవారూ ఉంటారు. ఇది రెండు ప్రభుత్వాలకూ తెలుసు.

హైదరాబాద్ సర్దార్జీ వెతుకుతున్నది కాస్త విచిత్రమైనది. 1830లలో, నిజాం కొలువులో చక్రం తిప్పిన చందూలాల్ హయాంలో, రంజిత్ సింగ్ లాహోర్ నుంచి హైదరాబాద్‌కు పంపిన సిక్కు దళాల వారసుడాయన. ఆ దళాలకు 'లాహోరీ ఫౌజ్' అని పేరు. మూసీకి అవతల అత్తాపూర్ దగ్గర దిగిన ఫౌజ్ వెనక్కి వెళ్లలేదు. ఇప్పటి సిక్ ఛావనీ, బరంబాలా గురుద్వారా దాని గుర్తులే. తరాలు గడిచాక ఇళ్లలో పంజాబీ పలచబడి దక్కనీ ఉర్దూ, తెలుగు చేరాయి. జొన్నరొట్టె, పచ్చిపులుసు చేరాయి. సర్దార్జీ భార్య ఈ యాత్రకు బయల్దేరినప్పుడు సంచిలో మొదట పెట్టుకున్నది చింతకాయ తొక్కు సీసా.

పంజాబ్ నుంచి వచ్చిన తోటి యాత్రికులకు 1947 ఇంకా పచ్చి పుండే. వాళ్లకు లాహోర్ పోగొట్టుకున్న ఊరు. సర్దార్జీకి అలా కాదు. ఆయన పూర్వికులు విభజనకు నూరేళ్ల ముందే లాహోర్ వదిలేశారు, అదీ రాజు పంపితే. "మా నాయన లాహోర్ అంటే మా ఊరి పేరన్నట్టే చెప్పేవాడు. ఆయనా చూడలేదు, వాళ్ల నాయనా చూడలేదు" అంటారాయన.

వాఘా నుంచి బయల్దేరిన బస్సుల బారు ముందొక పోలీసు జీపు, వెనకొకటి, మధ్యలో తుపాకులు పట్టుకున్న కమాండోలు. కూడళ్లలో ట్రాఫిక్ ఆపేశారు. ఆగిన మోటార్ సైకిళ్ల మీది జనం విసుక్కోలేదు సరికదా చేతులూపారు. ఒక పిల్లాడు తండ్రి భుజమ్మీంచి 'సత్ శ్రీ అకాల్' అని అరిచాడు. కిటికీ పక్కన కూర్చున్న సర్దార్జీ భార్యకు మొదటి గంటలో కనిపించిన పాకిస్థాన్ ఇది: కోతకొచ్చిన గోధుమ చేలు, ఇటుక బట్టీలు, రంగురంగుల బొమ్మలతో పెళ్లికూతురిలా ముస్తాబైన లారీలు, గోడల మీద కోచింగ్ సెంటర్ల ప్రకటనలు. చదవరాని లిపి ఒక్కటే తేడా. "అమృత్‌సర్ నుంచి వచ్చినట్టు లేదు, అమృత్‌సర్‌లోనే తిరుగుతున్నట్టుంది" అన్నారు పక్కావిడ. ఈ మాట జత్థాలో ప్రతివారూ ఏదో ఒక పూట అంటారు. అన్న కాసేపటికే బస్సు ఆపమంటే ఆపరని తెలుస్తుంది. టీ తాగడానికి కూడా.

చాలామంది ఫోన్లు గీత దాటగానే మూగవోయాయి. మన రూపాయికి మూడు పాకిస్థానీ రూపాయలకు పైగా వస్తుంటే నోట్ల కట్ట చూసి మురిసిపోయినవారు, దుకాణంలో ధరలు విన్నాక నెమ్మదించారు. నీళ్ల సీసా ధరను మూడుతో భాగించుకుంటూ రెండ్రోజులు గడిపారు. తర్వాత భాగించడం మానేశారు.

నన్‌కానా సాహిబ్ లాహోర్‌కు పడమరగా ఉన్న చిన్న పట్టణం. 1469లో గురునానక్ పుట్టినప్పుడు ఊరి పేరు రాయ్ భోయ్ దీ తల్వండీ. ఇప్పుడు ఆయన పేరే ఊరి పేరు. 2005లో జిల్లా కేంద్రమైతే జిల్లాకూ అదే పేరు పెట్టారు. జన్మస్థానం ఆవరణలో ఒక జండ్ చెట్టు ఉంది. మన జమ్మి జాతి చెట్టే. 1921 ఫిబ్రవరిలో గురుద్వారాను మహంతు చేతుల్లోంచి విడిపించడానికి వచ్చిన సిక్కులను మహంతు మనుషులు ఊచకోత కోశారు. ఈ చెట్టుకు ఒకరిని కట్టి సజీవంగా తగలబెట్టారు. జత్థాలోని వృద్ధ స్త్రీలు ఆ చెట్టు బెరడును తాకి కళ్లకద్దుకుంటారు. బ్రిటిష్ ఇండియాను కుదిపిన ఆ ఘటన తర్వాతే గురుద్వారాల ఉద్యమం ఊపందుకుంది.

సర్దార్జీ దంపతులను ఆశ్చర్యపరిచింది చెట్టు కాదు, వడ్డన చేస్తున్న పిల్లలు. తెల్లటి ముఖాలు, తేలిక రంగు కళ్లు. తమలో తాము మాట్లాడుకుంటున్నది పంజాబీ కాదు. అది పష్తో. నన్‌కానాలో ఇవాళ కనిపించే సిక్కు కుటుంబాల్లో చాలా భాగం దశాబ్దాల కిందట వాయవ్య సరిహద్దు గిరిజన ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడినవే. విభజనతో ఇక్కడి పంజాబీ సిక్కులు తూర్పుకు వెళ్లిపోతే, గురువు పుట్టిన చోట దీపం పెట్టడానికి మిగిలింది పఠాన్ సిక్కులు. పదమూడేళ్ల కుర్రాడొకడు నీళ్ల జగ్గుతో వచ్చి 'ఓబా?' అన్నాడు. సర్దార్జీ భార్య 'నీళ్లా?' అన్నారు. ఇద్దరికీ అర్థమైంది. గురుముఖి అక్షరం తప్ప మరేదీ ఉమ్మడిగా లేని ఆ ఇద్దరూ మూడు రోజులు మాటలు మార్చుకున్నారు. కుర్రాడు 'నీళ్లు', 'అన్నం', 'చాలు' నేర్చుకున్నాడు. లంగరులో 'చాలు' చాలా పనికొచ్చిందట.

అక్కడే పరిచయమయ్యారు బాపూజీ. జత్థాలో అందరూ ఆయన్ను అలాగే పిలిచేవారు. వయసు 85. ఉండేది జలంధర్ దగ్గర పల్లెలో. పుట్టింది జరాన్‌వాలా తాలూకాలో, కాలువ కింద నంబరుతో పిలిచే ఒక 'చక్'లో. బ్రిటిష్ వాళ్లు కాలువలు తవ్వి, బీడును సాగులోకి తెచ్చి, ఊళ్లకు పేర్లకు బదులు నంబర్లిచ్చిన ప్రాంతమది. భగత్ సింగ్ పుట్టిన బంగా గ్రామం కూడా ఆ తాలూకాలోనిదే. నన్‌కానా నుంచి కారులో గంట ప్రయాణం ఉంటుందేమో. ఏడేళ్ల వయసులో, 1947 వర్షాకాలంలో, ఎద్దుబండి వెనక నడుస్తూ ఊరు వదిలారు. ఇది ఆయనకు మూడో జత్థా. మూడుసార్లూ నన్‌కానా దాకా వచ్చారు. మూడుసార్లూ అక్కడి నుంచే తిరిగారు. వీసాలో జరాన్‌వాలా లేదు.

ఆ సాయంత్రం ఆయన గురుద్వారా ప్రధాన ద్వారం దగ్గర కాపలా కాస్తున్న కానిస్టేబుల్‌తో మాట కలిపారు. ఏ ఊరు నాయనా అంటే ఏ ఊరు బాబాజీ అనుకున్నారు. ఆ యువకుడి మేనత్తను ఇచ్చింది జరాన్‌వాలా వైపేనట. చక్ నంబరు చెప్పగానే అతను అటూ ఇటూ చూసి ఫోన్ తీశాడు. మేనత్త కొడుకు మోటార్ సైకిల్ మీద ఆ చక్‌కు వెళ్లడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ బాపూజీ మెట్ల మీదే కూర్చున్నారు. ఫోన్ మోగింది. తెరమీద ఒక వీధి ఊగుతూ కనిపించింది.

"నేరుగా పో. బావి దగ్గర ఎడమకు" అన్నారు బాపూజీ. బావి లేదు. పూడ్చేశారు, దాని మీద మొబైల్ దుకాణం ఉంది. అయినా ఎడమకే తిరిగాడు అవతలి కుర్రాడు. "ఇప్పుడు గురుద్వారా రావాలి." వచ్చింది. బడిగా మారింది, గుమ్మటం అలాగే ఉంది. "దాని వెనక మూడో ఇల్లు." మూడో ఇంటి స్థానంలో రెండంతస్తుల మేడ, ఇనుప గేటు. గేటు తట్టాడు. నడివయసు స్త్రీ వచ్చి తెరలోకి తొంగిచూసి, విషయం తెలిసి దుపట్టా సర్దుకున్నారు. వాళ్ల మామగారు 1947లో హోషియార్‌పూర్ నుంచి వచ్చి ఆ ఇల్లు పొందారట. ఆయన బతికినన్నాళ్లూ ఒక మామిడి చెట్టు గురించి చెప్పేవారని, అది ఇప్పటికీ ఉందేమో చూసి చెప్పగలరా అని ఆమె అడిగారు. బాపూజీ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఊరి పేరు చెప్పమ్మా అన్నారు.

చుట్టూ అప్పటికి ముప్పై మంది మూగారు. పై అధికారి వస్తున్నాడని ఎవరో అనడంతో కానిస్టేబుల్ ఫోన్ జేబులో వేసుకుని మళ్లీ కాపలాదారైపోయాడు.

ఫోన్లో ఊరు చూపించడం పంజాబ్‌లో ఇప్పుడు వింతేమీ కాదు. పాక్ పంజాబ్ నుంచి నడిచే 'పంజాబీ లహర్' అనే యూట్యూబ్ చానల్ విడిపోయిన కుటుంబాలను ఏళ్ల తరబడి కలుపుతోంది. 2022 జనవరిలో కర్తార్‌పూర్‌లో కలుసుకుని ఏడ్చిన అన్నదమ్ములు, 74 ఏళ్లుగా చెరో దేశంలో ఉండిపోయినవారు, ఆ చానల్ ద్వారానే ఒకరి జాడ ఒకరు తెలుసుకున్నారు. రెండు ప్రభుత్వాలు చేయాల్సిన పని సెల్‌ఫోన్ ఉన్న ఔత్సాహికులు చేస్తున్నారంటే, అది వాళ్ల గొప్పతనమే కాదు.

అలాగని ఈ ఆదరణకు రాజకీయం లేదనుకుంటే అమాయకత్వమే అవుతుంది. సిక్కు యాత్రికులకు ఎర్ర తివాచీ పరచడం పాకిస్థాన్ ప్రభుత్వానికి ఖర్చు తక్కువ, పేరు ఎక్కువ తెచ్చే పని. 2018 బైశాఖీ యాత్రలో గురుద్వారాల దగ్గర ఖలిస్థాన్ పోస్టర్లు వెలిశాయి. యాత్రికులను కలవడానికి పంజా సాహిబ్ బయల్దేరిన భారత హైకమిషనర్‌ను దారిలోనే వెనక్కి పంపారు. ఢిల్లీ గట్టిగా నిరసన తెలిపింది. గురుద్వారాలు, వాటి భూములు చూసుకునే ఎవాక్యూయీ ట్రస్ట్ ప్రాపర్టీ బోర్డు, అంటే విభజనలో వెళ్లిపోయినవారి ఆస్తుల కోసం 1960లో పెట్టిన సంస్థ, ప్రభుత్వ సంస్థే. దండ వేసేది, దారి చూపేది, దారి తప్పకుండా చూసేది అంతా ఒకరే. జత్థాలో ఉన్నవాళ్లకు ఇది తెలియదా? "తెలుసు. రాజకీయం మాట్లాడేవాడు వస్తే తల ఊపి, లంగరు ఎక్కడా అని అడుగుతాం" అన్నారు లూధియానా మహిళ. కాపలా కానిస్టేబుల్ ఫోన్ తీసింది మాత్రం ఏ ప్రభుత్వమూ చెప్పి కాదు.

పంజా సాహిబ్, కర్తార్‌పూర్ చూసుకుని బస్సులు చివరగా లాహోర్ చేరాయి. కర్తార్‌పూర్ గురించి ఒక్క మాట. గురునానక్ జీవితంలోని చివరి పద్దెనిమిదేళ్లు గడిపి 1539లో కన్నుమూసిన ఆ చోటుకు జత్థా వందకు పైగా కిలోమీటర్లు బస్సులో చుట్టి వెళ్లింది. అదే ఆవరణలో, 2019 నవంబర్‌లో తెరిచిన కారిడార్ ద్వారా ఆ ఉదయమే భారత్ నుంచి వచ్చినవాళ్లు మెడలో కార్డులతో తిరుగుతున్నారు. వాళ్లకు సరిహద్దు నాలుగున్నర కిలోమీటర్లు. వీసా అక్కర్లేదు, 20 డాలర్లు కట్టాలి, పొద్దుగూకేలోగా వెనక్కి వెళ్లిపోవాలి. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒకరు జత్థాలో, ఒకరు కారిడార్ ద్వారా, అక్కడ కలుసుకుని ఇంటి నుంచి తెచ్చిన పిన్నీలు పంచుకున్నారు. ఇద్దరూ గురుదాస్‌పూర్ జిల్లావాళ్లే. పాకిస్థాన్‌లో కలుసుకోవడం సరదాగా ఉందట.

లాహోర్‌లో బజారుకు వదిలారు, రెండు గంటలు, పోలీసులతో సహా. అనార్కలీలో బట్టల బేరం చేస్తూ సర్దార్జీ అలవాటుగా 'నక్కో భాయ్' అన్నారు. దుకాణదారు చేతిలోని మీటరు బద్ద ఆగింది. ఇదెక్కడి ఉర్దూ? హైదరాబాద్. సింధ్ హైదరాబాదా? కాదు, దక్కన్. చార్మినార్ హైదరాబాదా! ఇక దుకాణంలో పనాగిపోయింది. కరాచీలో దక్కన్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న హైదరాబాద్ కాలనీ ఉందని, అక్కడి ఊరగాయలు తన భార్యకు ప్రాణమని దుకాణదారు చెప్పాడు. సర్దార్జీ భార్య సంచి విప్పి, సగం మిగిలిన చింతకాయ తొక్కు సీసా బల్లమీద పెట్టారు. సూట్ గుడ్డకు డబ్బు తీసుకోనన్నాడు. పదిహేను నిమిషాలు వాదించాక సగం తీసుకున్నాడు. ఎవరు గెలిచారో చెప్పడం కష్టం.

బాద్షాహీ మసీదు, లాహోర్ కోట, మధ్యలో 1606లో గురు అర్జన్ దేవ్ బలిదానం జరిగిన చోట వెలసిన డేరా సాహిబ్ గురుద్వారా. దాని పక్కనే రంజిత్ సింగ్ సమాధి. 1839లో మహారాజు చనిపోయాక మొదలుపెట్టి 1848లో పూర్తిచేశారు. మరుసటి ఏడే సిక్కు రాజ్యం ఆంగ్లేయుల చేతికి పోయింది. 2019లో లాహోర్ కోటలో నిలబెట్టిన మహారాజు గుర్రపు విగ్రహాన్ని మతోన్మాదులు మూడుసార్లు ధ్వంసం చేశారు. బాగుచేసి 2024లో కర్తార్‌పూర్‌కు తరలించారు. రాజధానిలో రాజుకు చోటు దొరకలేదు. సమాధి మాత్రం కదల్చలేదు.

లోపల పాలరాతి తామర మొగ్గ. చుట్టూ చిన్న మొగ్గలు. అవి మహారాజు చితిమీదే కాలిపోయిన నలుగురు రాణులకు, ఏడుగురు దాసీలకు గుర్తులు. సర్దార్జీ చెప్పులు విడిచి, తలవంచి చాలాసేపు నిలబడ్డారు. తన తాతల తాతను వెయ్యికి పైగా మైళ్ల దూరంలోని ఎరగని ఊరికి పంపినవాడు ఇక్కడే పడుకుని ఉన్నాడు. మొక్కాలా, అడగాలా అన్నట్టుంది ఆయన ముఖం. చివరికి, "హుజూర్, ఫౌజ్ హాజరు" అన్నారు దక్కనీలో. భార్య నవ్వారు. నవ్వుతూనే చిన్న మొగ్గలు లెక్కపెట్టారు. "వీళ్ల పేర్లెక్కడా రాయలేదేం?" అని గైడును అడిగారు. గైడు వచ్చే బృందం వైపు తిరిగాడు.

భగత్ సింగ్‌ను 1931లో ఉరితీసిన పాత జైలు స్థలం, ఇప్పటి షాద్‌మాన్ కూడలి, చూపించమని బస్సులో నలుగురు కుర్రాళ్లు అడిగారు. అది జాబితాలో లేదు.

19న తిరుగు ప్రయాణం. గడియారం అరగంట ముందుకు తిప్పుకోవాలి. 22న పహల్గాం. 23న భారత్ అట్టారీ చెక్‌పోస్టు మూసి, సింధు జలాల ఒప్పందాన్ని పక్కనపెట్టింది. 24న పాకిస్థాన్ వాఘా మూసింది. సార్క్ వీసాల మీద వచ్చిన భారతీయులను 48 గంటల్లో వెళ్లిపొమ్మంది, సిక్కు యాత్రికులకు మాత్రం మినహాయింపు అంటూ. మే 7న, ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజు, కర్తార్‌పూర్ కారిడార్‌ను భారత్ మూసేసింది. పహల్గాంలో భర్తలను పోగొట్టుకున్న స్త్రీల ఫొటోల ముందు యాత్రికుల దిగులు చెప్పుకోదగ్గదిగా కనిపించదు. చెప్పుకోలేదు కూడా. సర్దార్జీ ఇంట్లో వారం పాటు లాహోర్ మాటే ఎవరూ ఎత్తలేదు. చుట్టుపక్కలవాళ్లు "మీరు మొన్ననేగా వెళ్లొచ్చారు?" అంటుంటే ఏదో తప్పు చేసినట్టుండేదని ఆయన భార్య అంటారు. అనార్కలీలో కొన్న గుడ్డ కుట్టించలేదు.

ఆ సెప్టెంబర్‌లో జత్థాలు పంపవద్దని రాష్ట్రాలకు రాసిన కేంద్రం, సిక్కు సంస్థల ఒత్తిడితో అక్టోబర్‌లో మెత్తబడింది. నవంబర్ 4న గురునానక్ జయంతికి వెళ్లిన జత్థాకు పాకిస్థాన్ దాదాపు 2,100 వీసాలు ఇచ్చింది. ఏప్రిల్ సంఖ్యలో మూడో వంతు. 13న వచ్చేటప్పుడు ఒక పేరు తగ్గింది. ఒక మహిళ అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయారు. 2018 ఏప్రిల్‌లోనూ అలాగే జరిగింది. వేల మంది వెళ్లి వేల మంది తిరిగి వస్తే వార్త కాదు, ఒక్కరు రాకపోతే వార్త. దాని ఫలితం తర్వాతి జాబితాలో ఒంటరి స్త్రీల పేర్ల మీద పడుతుంది. గుంపును అనుమతించే పద్ధతిలో శిక్ష కూడా గుంపుకే.

బాపూజీ ఆ జత్థాకు దరఖాస్తు పెట్టలేదు. మోకాళ్లు ఒప్పుకోలేదని ఫోన్లో సర్దార్జీకి చెప్పారు. హోషియార్‌పూర్ జిల్లాలోని ఆ ఊరికి మాత్రం మే మొదట్లో మనవడి కారులో వెళ్లొచ్చారట. మామిడి చెట్టు లేదు. మొదలు ఉంది, పక్క నుంచి చిగుర్లేసింది. ఫొటో తీశారు. పంపేలోగా గొడవలు ముదిరాయి. పాకిస్థాన్ వెళ్లొచ్చిన కొందరు యూట్యూబర్లను గూఢచర్యం ఆరోపణల మీద అరెస్టు చేశారని ఆ నెలలోనే టీవీల్లో వచ్చింది. మనవడు భయపడి తాత ఫోన్లోంచి కానిస్టేబుల్ మేనత్త కొడుకు నంబరు తీసేశాడు.

బాపూజీ అభ్యంతరం చెప్పలేదు. నంబరును అప్పటికే తన పాత డైరీలో ఉర్దూ అంకెల్లో రాసిపెట్టుకున్నారు. అవి చదవడం మనవడికి రాదు.